ఇంజిన్, గేర్‌బాక్స్ దించి మళ్లీ ఎక్కించాను

నా కారు ఇంజిన్ పాడైందని ముందుగా పట్టించింది మోత. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెద్దగా తెలిసేది కాదు. ఆయిల్ వేడెక్కి పలచబడ్డాక, యాక్సిలరేటర్ కాస్త తొక్కి వదిలే క్షణంలో అడుగు నుంచి బరువుగా టక్ టక్‌మని వినిపించేది. వాల్వుల చప్పుడైతే పైనుంచి, కుట్టుమిషన్‌లా సన్నగా వస్తుంది. ఇది అది కాదు. ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో సిలిండర్‌కీ ఇంజెక్టర్ కనెక్షన్ పీకి చూశాను. మూడో సిలిండర్ దగ్గరికొచ్చేసరికి మోత సగానికి సగం తగ్గిపోయింది. ఆ సిలిండర్‌లో మంట ఆగితే పిస్టన్‌ని కిందికి తన్నే బలం ఉండదు, వదులైన బేరింగు కూడా నోరు మూసుకుంటుంది. పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగు పోయిందని అక్కడే తేలిపోయింది. ఆయిల్ కొంచెం పళ్లెంలోకి తీసి వెలుతురులో అటూ ఇటూ వంచితే సన్నటి లోహపు పొడి మెరిసింది. ఇక సందేహం లేదు.

ఇలాంటప్పుడు రెండు దారులుంటాయి. ఇంజిన్ మొత్తం విప్పి, క్రాంక్‌షాఫ్ట్ గ్రైండింగ్ చేయించి, ఆ కొలతకు తగ్గ బేరింగులు వేయించుకోవడం ఒకటి. బాగున్న ఇంజిన్ తెచ్చి మార్చేయడం ఇంకొకటి. నేను రెండోదానికి మొగ్గడానికి అసలు కారణం గేర్‌బాక్స్. మూడో గేరు చాలాకాలంగా గరగరలాడుతోంది. క్లచ్ ఎంత అడుగంటా తొక్కినా, రెండో గేరు నుంచి మూడుకి వేసేటప్పుడు పళ్లు కొరికేది. గేరు పళ్లు కలిసేముందు వాటి వేగాలు సమం చేసే సింక్రో రింగు అరిగిపోయిన లక్షణం. ముందు చక్రాలకు పవర్ వెళ్లే బండ్లలో ఇంజిన్, గేర్‌బాక్స్ అడ్డంగా ఒకే దిమ్మెలో కలిసి ఉంటాయి. ఒకదాని కోసం విప్పాల్సినవన్నీ రెండోదాని కోసమూ విప్పాల్సినవే. ఎలాగూ అంతా విప్పుతున్నప్పుడు ఒకటి మార్చి ఇంకోటి పాతదే బిగించడం నాకు మింగుడుపడలేదు. వెనకభాగం గుద్దుకుని మూలపడిన అదే మోడల్ బండి నుంచి రెండూ జంటగా దొరికాయి.

జంటగా దొరకడం వల్ల ఒక మేలు జరిగింది. సెల్ఫ్ మోటారు బిగిసేది గేర్‌బాక్స్ బెల్ హౌసింగుకే, అంటే ఇంజిన్‌కు కలిసే వైపు ఉండే గంట ఆకారపు గూడుకే. కాబట్టి రెండూ కలిసి ఉంటే ఇంజిన్ నేలమీద ఉండగానే సెల్ఫ్ కొట్టి చూడొచ్చు. పాత టైరు మీద కుదురుగా కూర్చోబెట్టి, ప్లగ్గులన్నీ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, జంపర్ కేబుళ్లతో కరెంటు ఇచ్చి కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో కొలిచాం. నాలుగూ 12 బార్‌కు అటూ ఇటూగా, ఒకదానికొకటి దగ్గరగానే వచ్చాయి. నా దృష్టిలో అంకె కంటే వాటి మధ్య తేడా ముఖ్యం. 10 శాతం మించి తేడా ఉంటే ఆ ఇంజిన్ నాకొద్దు. ఆయిల్ మూత అడుగున తెల్లటి జిడ్డు ఏమైనా ఉందా అని కూడా చూసుకున్నాను. ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. ఏమీ లేదు.

పాత ఇంజిన్ కొనేవాళ్లు చాలామంది సీసీ, మోడల్ పేరు సరిపోతే చాలనుకుంటారు. బ్లాకు మీద కొట్టి ఉండే ఇంజిన్ కోడ్ కూడా కలవాలి. ఒకే సీసీలో కూడా ఏడాదికో రకం సెన్సర్లు మారతాయి. నేను పట్టుబట్టి చూసింది ఫ్లైవీల్ (క్రాంక్ కొసన తిరిగే బరువైన చక్రం) అంచున క్రాంక్ సెన్సర్ చదివే పళ్లు. చాలా బండ్లలో 60 పళ్లకు చోటుండి, రెండు కావాలనే వదిలేసి 58 ఉంటాయి. ఆ ఖాళీ ఎప్పుడు దాటిపోతుందో చూసుకునే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పిస్టన్ ఎక్కడుందో లెక్క వేసుకుంటుంది. పళ్ల లెక్క వేరేదైతే ఇంజిన్ ఎంత బంగారంలాంటిదైనా ఉలకదు పలకదు. ఈసీయూ మాత్రం నా బండిదే ఉంచాను. తాళంచెవిలో ఉండే ఇమ్మొబిలైజర్ చిప్పుకు (వేరే తాళంతో బండి స్టార్టు కాకుండా ఆపేది) దానితోనే జత.

ఈ పని అనగానే అందరూ జంకేది బరువుకి. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి దాదాపు 150 కిలోలు. కానీ ఆ బరువు మోసేది క్రేను, మనం కాదు. మన ఓపికంతా ఖర్చయ్యేది ఆ దిమ్మెకీ బండికీ మధ్య ఉన్న సంబంధాలు ఒక్కొక్కటే తెంచడంలో, తిరిగి ఒక్కటీ వదలకుండా కలపడంలో.

తీసేముందు ప్రతి మూలా ఫొటోలు తీశాను. దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి. వైర్ల సాకెట్లకు రెండు వైపులా ఒకే నంబరు రాసిన టేపు చుట్టాను. ఒకే రకం సాకెట్లు నాలుగైదు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, వాటిలో ఏది ఎక్కడిదో చేతి వేళ్లు గుర్తుపెట్టుకోలేవు. బోల్టుల కోసం పెద్ద అట్టముక్క మీద బెల్ హౌసింగు బొమ్మ గీసి, ఏ చిల్లులోది ఆ చోట గుచ్చాను. బెల్ హౌసింగు బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. పొడవాటిది పొట్టి చిల్లులో బిగిస్తే అల్యూమినియం పగులుతుంది.

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీయకముందే చేయాల్సింది ఒకటుంది. పెట్రోలు పంపు ఫ్యూజు లాగేసి, ఇంజిన్ దానంతటది ఆగిపోయేదాకా నడపాలి. లేకపోతే పెట్రోలు పైపులో మూడు నాలుగు బార్ల ఒత్తిడి అలాగే నిలిచి ఉంటుంది, పైపు పీకగానే మొహం మీద చిమ్ముతుంది. ఆ తర్వాత బ్యాటరీ, కూలెంట్, ఇంజిన్ ఆయిల్. గేర్ ఆయిల్ విషయంలో మాత్రం ముందు పైన పోసే బోల్టు విప్పి చూసుకుని, అది కదిలాకే కింది బోల్టు విప్పాలి. పై బోల్టు తుప్పుపట్టి మొండికేస్తే, ఆయిల్ మొత్తం కారిపోయాక తిరిగి పోసే దారి ఉండదు. అమ్మేవాళ్ల మాట నమ్మి తెచ్చిన గేర్‌బాక్స్‌కు కూడా ముందు ఇదే చూశాను.

ఏసీ పైపులు విప్పనే లేదు. కంప్రెసర్ బోల్టులు విప్పి, పైపులతో సహా దాన్ని పక్కకు తప్పించి, గట్టి తీగతో బాడీకి కట్టేశాను. గ్యాసు గాల్లోకి వదిలేసే వాళ్లని చూశాను, నాకు అది నచ్చదు. ఆర్-134ఏ గ్యాసు వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,430 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. పైపు తెరిస్తే మళ్లీ వ్యాక్యూమ్ చేయించి గ్యాసు పట్టించుకునే తంటా కూడా మనదే. పెడల్ తొక్కితే ద్రవం ఒత్తిడితో క్లచ్‌ను నెట్టే స్లేవ్ సిలిండర్‌నీ అలాగే పైపు విప్పకుండా కట్టి ఉంచాను, తర్వాత గాలి తీసే పని తప్పింది.

గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు పవర్ మోసే యాక్సిళ్ల దగ్గర నిజంగా చెమట పట్టింది. చక్రం మధ్యలో యాక్సిల్ కొసను పట్టి ఉంచే హబ్ నట్టు అంచును షాఫ్టు గాడిలోకి కొట్టి ఉంచుతారు, దాన్ని సన్న ఉలితో పైకి లేపాకే పానా వేయాలి. 200 న్యూటన్ మీటర్లకు పైనే బిగించి ఉంటుంది. చక్రం నేలమీద ఉండగా బ్రేకు తొక్కించి, పానాకు పొడవాటి పైపు తొడిగి లాగితే ‘టఠ్’ మని ఒక్క శబ్దం చేసి కదిలింది. కదిలించి అక్కడితో ఆపాను. మిగతాది బండి స్టాండ్ల మీదికి ఎక్కాకే. యాక్సిల్ తీసేసి చక్రం బిగించి బండిని నెట్టుకుంటూ పోతే వీల్ బేరింగు చెడుతుంది. చాలా బండ్లలో ఆ బేరింగు రెండు సగాలనూ కలిపి పట్టి ఉంచేది ఆ నట్టు బిగింపే.

యాక్సిల్ లోపలి కొస గేర్‌బాక్స్‌లో చిన్న తీగరింగుతో పట్టి ఉంటుంది. చాలామంది షాఫ్టు పట్టుకుని లాగుతారు. అలా లాగితే రబ్బరు బూటు లోపలే జాయింటు ఊడిపోయి, గ్రీజులో బేరింగులు వెతుక్కోవాలి. గేర్‌బాక్స్ బాడీకీ జాయింటు అంచుకీ మధ్య గడ్డపలుగు కొస దూర్చి, ఒక్క కుదుపు ఇవ్వాలంతే. కుడివైపుది వెంటనే వచ్చింది. ఎడమవైపుది మాత్రం షాఫ్టును కొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ కొత్త చోట పలుగు ఆనించి కుదిపితేగానీ రాలేదు. కొన్ని గేర్‌బాక్సుల్లో రెండు యాక్సిళ్లూ ఒకేసారి తీసేస్తే డిఫరెన్షియల్ (పవర్‌ను రెండు చక్రాలకూ పంచే భాగం) లోపలి పళ్లచక్రాలు జారి పక్కకు పడతాయి. అందుకే ఒకటి తీయగానే ఆ చిల్లులో సరిపడే చెక్కముక్క బిగించాను. ఆయిల్ కారకుండా మూత కూడా అదే అయింది.

సైలెన్సర్ ముందు పైపు నట్లకు ముందురోజే తుప్పు వదిలే ఆయిల్ పట్టించి ఉంచాను. ఒకటి మినహా అన్నీ వచ్చాయి. ఆ ఒక్కదాన్ని టార్చితో ఎర్రబడేదాకా కాల్చి, వేడి మీదే విప్పాం. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు, తుప్పుపట్టిన నట్టు ఏ బండిలోనైనా ఒకటే.

ఇక ఎత్తడం. చేతిపంపు క్రేను ఎంత బరువు మోస్తుందన్నది దాని బూమ్ ఎంత చాపామన్నదాని మీద ఉంటుంది. రెండు టన్నులదని రాసి ఉన్న క్రేనే బూమ్ చివరి చిల్లుకి వచ్చేసరికి అర టన్నుకు దిగిపోతుంది. మాకు ఆ చివరి చిల్లే కావాల్సొచ్చింది, అయినా మన బరువుకు అది చాలు. గొలుసు ఇంజిన్‌కు ఉన్న రెండు కొక్కేలకే వేశాం. గొలుసుకీ క్రేనుకీ మధ్య లెవలర్ ఉంది. దాని హ్యాండిల్ తిప్పితే బరువు కేంద్రం జరిగి దిమ్మె ఒకవైపు వంగుతుంది. బరువు కొంచెం క్రేను మీదికి వచ్చాక, దిమ్మెను బండికి పట్టి ఉంచే ఫౌండేషన్ బోల్టులు విప్పాను. మొదట కింద వెనకాల ఉండే అడ్డ రాడ్డు, తర్వాత గేర్‌బాక్స్ వైపుది, చివర టైమింగ్ వైపుది. బరువు సరిగ్గా క్రేను మీద ఉంటే ఆ చివరి బోల్టు వేళ్లతో తిప్పినా వచ్చేస్తుంది. బిగుసుకుని ఉందంటే క్రేను ఎక్కువో తక్కువో ఎత్తిందన్నమాట.

పంపు కొట్టేది నేను, చుట్టూ తిరుగుతూ చూసేది మా బావమరిది. ముందే చెప్పాను, “కింద చెయ్యి పెట్టావంటే ఊరుకోను, ఏదైనా పట్టుకుంటే నోటితో చెప్పు చాలు” అని.

“బావా, ఆగాగు. గేర్‌బాక్స్ కొస పట్టింది.”

“దేనికి?”

“ఛాసీ అంచుకి. ఇంకో రెండు వేళ్ల సందుంటే వచ్చేస్తుంది.”

“లెవలర్ తిప్పు. నీవైపు కిందికి వంచి చూడు. మెల్లిగా.”

హ్యాండిల్ కొన్ని చుట్లు తిప్పేసరికి గేర్‌బాక్స్ కొస వాలి, ఇంజిన్ వైపు లేచింది. అంచు దాటింది. ప్రతి జానెడు ఎత్తుకీ ఆగి, చుట్టూ చూసుకుని, మళ్లీ పంపు కొట్టాం. చివరికి దిమ్మె రేడియేటర్ పట్టీ మీదుగా బయటికొచ్చింది. 

పాత ఇంజిన్‌ను ఆయిల్ సంపు (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి చూడకుండా ఉండలేకపోయాను. జల్లెడ నిండా మెరిసే రేకు ముక్కలు. మూడో రాడ్డు బేరింగు పైపొర అంతా పోయి రాగి కనపడుతోంది. రెండు సగాల్లో ఒకటి తన గాడి వదిలేసి రెండోదాని మీదికి జారిపోయింది. క్రాంక్ మీద గోరు పెడితే తగిలేంత గాట్లు. ఇది చూశాకే, పాత ఇంజిన్ నుంచి ఆయిల్ తగిలే భాగం ఒక్కటీ కొత్తదానికి వాడకూడదని నిర్ణయించుకున్నాను. డైనమో, ఏసీ కంప్రెసర్ లాంటివే పాతదాని నుంచి కొత్తదానికి వచ్చాయి. ఆయిల్ పంపు, సంపు, ఫిల్టర్ సీటు అన్నీ వచ్చిన ఇంజిన్‌వే.

తెచ్చిన ఇంజిన్ నుంచి గేర్‌బాక్స్ విడదీశాం. ఎందుకంటే క్రాంక్ వెనక ఆయిల్ సీల్ మార్చాలంటే ఇదే అదను. తర్వాత అది కారితే, ఆ చిన్న రబ్బరు రింగు కోసం ఈ కథంతా మళ్లీ మొదటికొస్తుంది. యాక్సిల్ సీళ్లు, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, థర్మోస్టాట్, ప్లగ్గులు కూడా బయట ఉండగానే మార్చేశాను. ఫ్లైవీల్ బోల్టులు కొత్తవి వేశాను. అవి చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) బిగించాక మరికొంత కోణం తిప్పి సాగదీసే రకం, రెండోసారి పనికిరావు. క్లచ్ ప్లేటును మధ్యకు తెచ్చే చిన్న ప్లాస్టిక్ గూటం పెట్టి, ప్రెజర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాను. షాఫ్టు గాళ్లకు గ్రీజు పేరుకి మాత్రమే పూయాలి. ఎక్కువైతే తిరిగేటప్పుడు ఎగిరి క్లచ్ ప్లేటు మీద పడుతుంది.

రెండింటినీ కలపడం ఈ మొత్తంలో నాకు ఎక్కువ నచ్చిన పని. బ్లాకు అంచున రెండు బోలు పిన్నులుంటాయి, ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ ఒకే గీతలో నిలబెట్టేవి అవే. బోల్టులు దగ్గరికి లాగుతాయంతే. చాలాసార్లు ఈ పిన్నులు పాత బ్లాకులోనే ఉండిపోతాయి. రెండూ ఉన్నాయని వేలితో తడిమి చూసుకున్నాకే గేర్‌బాక్స్‌ను ట్రాలీ జాకీ మీద ఎత్తుకు తెచ్చాం. దాని షాఫ్టు కొస క్లచ్ ప్లేటు గాళ్లలోకి దూరాలి. రెండు ముఖాల మధ్య సందు చుట్టూ సమానంగా ఉందా లేదా అని కళ్లతో చూస్తూ, నేను గేర్‌బాక్స్‌ను గేరులో వేసి యాక్సిల్ చిల్లు వైపు నుంచి కొంచెం తిప్పుతూ ఉంటే, మా బావమరిది మెల్లగా నెట్టాడు. అంగుళం సందు దగ్గర ఆగిపోయింది. అక్కడే చాలామంది పొడవాటి బోల్టులు వేసి లాగేస్తారు. అలా లాగితే క్లచ్ ప్లేటు మధ్యభాగం వంగిపోతుంది, లేదా బెల్ హౌసింగు చెవి విరుగుతుంది. జాకీ ఒక్క పిసరు దించి, ఇంకొంచెం తిప్పితే, నెట్టకుండానే జారుకుంటూ వెళ్లి ‘థప్’ మని కూర్చుంది. బోల్టులు అన్నీ చేత్తో చివరిదాకా తిరిగాయి. గేర్‌బాక్స్ బరువు షాఫ్టు మీద ఒక్క క్షణం కూడా వేలాడకుండా జాకీని అప్పటిదాకా కింద నుంచి తీయలేదు. ఆటోమేటిక్ బండైతే ఇక్కడ క్లచ్‌కు బదులుండే టార్క్ కన్వర్టర్ పూర్తిగా వెనక్కి, పంపు పళ్లలోకి దిగిందో లేదో చూసుకోవాలి. దిగకుండా బిగిస్తే పంపు పగులుతుంది.

దించడం ఎత్తడం కంటే తొందరగా అయింది. ఫౌండేషన్ బోల్టులన్నీ ముందు వదులుగానే వేసి, బరువంతా వాటి మీదికి వదిలేశాక ఇంజిన్‌ను అటూ ఇటూ ఊపి సర్దుకోనిచ్చి అప్పుడు బిగించాను. అడ్డ రాడ్డు చివర. ఏ ఒక్కటి ముందే బిగించినా రబ్బరు మెలిపడి, ఐడిలింగులో స్టీరింగు దాకా వణుకు వస్తుంది. ఇంజిన్ నుంచి బాడీకి కరెంటు దారి ఇచ్చే ఎర్త్ పట్టీ బిగించే చోట రంగు, తుప్పు గీకి మెరిసేలా చేసి బిగించాను. అది లేకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు వందల ఆంపియర్ల కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. క్లచ్ కేబుల్ ఉన్న బండ్లలో ఆ కేబులే కాలి ఎర్రబడిన సందర్భాలున్నాయి. ఇంజిన్ లోపలి అకాల పేలుళ్లను వినే నాక్ సెన్సర్‌కు కూడా టార్క్ రెంచ్ (బిగింపు బలం చూపే పానా) తప్పనిసరి. చాలావాటికి 20 న్యూటన్ మీటర్లు. ఎక్కువ బిగించినా తక్కువ బిగించినా అది ఇంజిన్‌ను సరిగ్గా వినలేదు. గేర్ ఆయిల్ జీఎల్-4 రకమే పోశాను. ఇత్తడి సింక్రో రింగులకు జీఎల్-5 రకంలోని గంధకం మందులు పడవని తయారీదారు పుస్తకంలోనే ఉంది.

మొదటి స్టార్టుకు తొందరపడలేదు. పెట్రోలు పంపు ఫ్యూజు బయటే ఉంచి, ప్లగ్గులు విప్పి, సెల్ఫ్ ఆపి ఆపి కొట్టాను. ఆయిల్ పైకి ఎక్కి, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు ఆరిపోయేదాకా. ఎన్నాళ్లు మూల పడి ఉందో తెలియని ఇంజిన్‌ను ఎండు బేరింగుల మీద నడపడమంటే పాత కథ మళ్లీ మొదలుపెట్టడమే. తర్వాత ప్లగ్గులు, ఫ్యూజు పెట్టి, తాళం రెండుసార్లు ఆన్ చేసి పెట్రోలు ఒత్తిడి రానిచ్చాను. అందుకుంది. కొన్ని క్షణాలు తడబడింది, పైపుల్లో గాలి పోయాక నిలకడ పడింది. బావమరిది బానెట్ మీదికి వంగి “ఏమీ కారట్లేదు బావా” అంటూనే ఉన్నాడు, అడగకపోయినా.

హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, కూలెంట్ మూత తెరిచి, బుడగలు ఆగేదాకా నింపుతూ పోయాం. పై హోసు వేడెక్కింది, కొంచెంసేపటికి కింది హోసు కూడా వేడెక్కింది. అంటే థర్మోస్టాట్ తెరుచుకుంది. ఫ్యాను తిరిగి, ఆగింది. అప్పుడు మూత పెట్టాను. సెల్ఫ్ కొట్టి, ఏసీ వేసి, లైట్లు వేసి, ఏ హెచ్చరిక దీపమూ మిగల్లేదని చూసుకున్నాకే రోడ్డెక్కాను. మొదట చూసింది మూడో గేరే. రెండు నుంచి మూడుకి, మళ్లీ మూడు నుంచి రెండుకి, వేగం మార్చి మార్చి వేశాను. గొణుగుడు లేదు. బండి పూర్తిగా వేడెక్కి చల్లారాక ఫౌండేషన్, సైలెన్సర్ నట్లు మళ్లీ పానా వేసి చూశాను. కొన్ని వందల కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ మార్చేసి, ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూశాను. లోహపు రేణువులు లేవు.

ఇంజిన్ మారితే నంబరు కూడా మారుతుంది. రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఇంజిన్ నంబరు ఉండే చోట దాన్ని కూడా మార్పించుకోవాలి. లేకపోతే అమ్మేటప్పుడో, తనిఖీలోనో, బీమా దగ్గరో చిక్కొస్తుంది. నా బండిలో ఆ నంబరు బ్లాకు వెనక, గేర్‌బాక్స్ కలిసే అంచు దగ్గర కొట్టి ఉంది. ఇంజిన్ లోపల కూర్చున్నాక అక్కడికి కెమెరా కూడా దూరదు. అందుకే బయట ఉండగానే తుడిచి, సుద్దముక్కతో అంకెలు రుద్ది, ఫొటో తీసి పెట్టుకున్నాను. కొన్న రసీదు మీద కూడా అదే నంబరు రాయించాను. కాగితాల పని ఆ రెండింటితో నడిచిపోయింది.